దీపం ఎవరి మాట వినాలి?

సున్నా, లేకపోతే ఒకటి. కంప్యూటర్ సైన్సులో ఇంతకన్నా చిన్న సమస్య ఉండదు. దీపం వెలిగించడం, ఆర్పడం అంతే కదా! అయినా సరే, ఒకే ఇంట్లో రెండు కంపెనీల దీపాలు ఒకే మీట మాట వినేలా చెయ్యడానికి జనం దశాబ్దాలుగా అవస్థ పడుతూనే ఉన్నారు. మనలో చాలామందిమి పగలంతా ఆఫీసుల్లో చేసే పని కూడా ఇదే. ఒకరి భాష ఒకరికి తెలియని సిస్టముల మధ్య దుబాసీ పని. మెయిన్‌ఫ్రేముకీ వెబ్ సర్వీసుకీ, ఎప్పుడో ఎవరో రాసి వెళ్ళిపోయిన జావా అప్లికేషనుకీ కొత్త డేటాబేసుకీ సంధి కుదిర్చినందుకే నాకు జీతం ఇస్తున్నారు. కాబట్టి ఇంటి దీపాల గొడవ మీద మనవాళ్ళకి ఒక అభిప్రాయం ఉండాలి. నాకైతే ఉంది.

ఇదంతా ప్రోటోకాళ్ళ గొడవ అని అందరూ అంటారు. అది సగమే నిజం. దీపం వెలిగి ఉందా, ఆరి ఉందా అన్న సంగతి ఎవరు చెబితే నమ్మాలి అన్నది అసలు ప్రశ్న. గోడ మీది స్విచ్చా, బల్బా, బేస్‌మెంట్లో కూర్చున్న హబ్బా, లేక ఎక్కడో ఉన్న కంపెనీవాడి సర్వరా? ఆఫీసులో ఒక కస్టమర్ అడ్రసు నాలుగు డేటాబేసుల్లో ఉంటే ముందు తేల్చేది ఇదే కదా, ఏది అసలు ప్రతి, ఏవి నకళ్ళు అని. ఇంటికి వచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్న వెయ్యకుండా థాంక్స్‌గివింగ్ సేల్‌లో ఏది చవగ్గా దొరికితే అది కొంటాం.

మా ఇంటినే తీసుకోండి. న్యూజెర్సీలో 1970ల నాటి ఇల్లు, మేం 2019లో కొన్నాం. పాత యజమాని రిటైరైన ఇంజనీరు. బేస్‌మెంటుకీ, వీధి గుమ్మం దీపాలకీ ఎక్స్-10 స్విచ్‌లు పెట్టుకున్నాడు. అవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి. హాల్లో, భోజనాల గదిలో, మెట్ల మీద జిగ్‌బీ బల్బులు వచ్చాయి. పడకగదుల్లో జీ-వేవ్ డిమ్మర్లు. వంటింట్లో సొంత రేడియో మీద నడిచే మరో కంపెనీ డిమ్మరు. నాలుగు భాషలు, నాలుగు యాప్‌లు.

ఎక్స్-10 కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. తరవాతి తిప్పలన్నీ దాన్లోనే బీజరూపంలో ఉన్నాయి. 1975లో స్కాట్లండ్‌లోని గ్లెన్‌రోథెస్ అనే ఊళ్ళో పికో ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ దీన్ని తయారుచేసింది. కొత్త తీగలు లాగకుండా, ఉన్న కరెంటు తీగ మీదే సందేశం పంపాలన్నది వాళ్ళ ఆలోచన. అమెరికాలో 60 హెర్ట్జ్ కరెంటు సెకనుకి 120 సార్లు సున్నా దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో 120 కిలోహెర్ట్జ్ కూత ఒకటి వేస్తే ఒకటి, వెయ్యకపోతే సున్నా. ప్రతి బిట్టు వెనకాలా దాని తలకిందుల రూపం కూడా పంపుతారు, పొరపాటు పడకుండా. పదహారు అక్షరాలు, పదహారు అంకెలు, మొత్తం 256 చిరునామాలు. చిరునామా రెండుసార్లు, ఆజ్ఞ రెండుసార్లు, మధ్యలో కాస్త విరామం, అన్నీ కలిపి 47 సైకిళ్ళు. అంటే ఒక దీపం వెలగడానికి ముప్పావు సెకను పైచిలుకు. ఆ రోజులకి అదే అద్భుతం.

దీనికి రెండు జబ్బులుండేవి. మొదటిది, అమెరికా ఇళ్ళలోకి కరెంటు 120 వోల్టుల రెండు పాయలుగా వస్తుంది. ఒక పాయలో వేసిన కూత రెండో పాయలో ఉన్న దీపానికి చేరాలంటే వీధిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మరు దాకా వెళ్ళి రావాలి, వచ్చేసరికి నీరసించిపోయేది. రెండు పాయల్నీ కలిపే 240 వోల్టుల డ్రయ్యరు నడుస్తున్నప్పుడు మాత్రమే పడకగది దీపం వెలిగే ఇళ్ళు ఉండేవి! ఈ జబ్బుకి మందుంది, ప్యానెల్ దగ్గర ఒక కప్లర్ పెడితే సరిపోతుంది. రెండో జబ్బు అసలైనది. చాలా ఎక్స్-10 స్విచ్‌లు వినేవే కానీ తిరిగి జవాబు చెప్పేవి కావు. ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, అందే ఉంటుందని నమ్మడం లాంటిది, మన భాషలో యూడీపీ అనుకోండి. ఎవరైనా చేత్తో స్విచ్ నొక్కితే ఆ సంగతి కంట్రోలరుకి తెలియదు. అది తన పుస్తకంలో ‘వెలిగి ఉంది’ అని రాసుకుని కూర్చుంటుంది, గదిలో చూస్తే చీకటి.

ఆ తరవాత రేడియోలు వచ్చాయి. డెన్మార్క్‌లోని జెన్సిస్ కంపెనీ నుంచి జీ-వేవ్ వచ్చింది, అమెరికాలో 908.42 మెగాహెర్ట్జ్ మీద. ఐట్రిపుల్ఈ 802.15.4 ఆధారంగా జిగ్‌బీ వచ్చింది, వైఫై తిరిగే 2.4 గిగాహెర్ట్జ్ వీధిలోనే. సాలిడ్ స్టేట్ డిమ్మరు కనిపెట్టిన జోయెల్ స్పైరా 1961లో పెట్టిన లూట్రాన్ కంపెనీ తన సొంత రేడియో పద్ధతి తను పెట్టుకుంది. వీటి మధ్య తర్జుమా చెయ్యడం కష్టం అనుకుంటారు గానీ, నిజానికి అదే తేలిక. ఒక చిన్న కంప్యూటరుకి రెండు యూఎస్‌బీ రేడియోలు తగిలించి, 2013లో పాలస్ స్కౌట్సెన్ మొదలుపెట్టిన హోమ్ అసిస్టెంట్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వేస్తే అందరి భాషా అర్థమవుతుంది. పైథాన్ తెలిసినవాడికి ఒక వారాంతం పని.

తిప్పలు పదాల అర్థాల దగ్గర మొదలవుతాయి. అన్ని భాషల్లోనూ ‘యాభై శాతం’ అనే మాట ఉంది. కానీ ఒక డిమ్మరు యాభై అంటే కరెంటు తరంగంలో సగం కోసేస్తుంది. ఒక బల్బు యాభై అంటే కంటికి సగం అనిపించే వెలుగునిస్తుంది, అది కొలతలో సగం కన్నా చాలా తక్కువ. హాలూ భోజనాల గదీ కలిసి ఉన్న ఇంట్లో రెండింటినీ యాభైలో పెడితే ఒకవైపు పెళ్ళిపందిరి, మరోవైపు కరెంటు పోయిన ఊరు. డిమ్మర్‌కి స్మార్ట్ బల్బు తగిలించారా, ఇద్దరు పెత్తందార్లు ఒకే పీట మీద కూర్చున్నట్టే. డిమ్మరు తరంగాన్ని కోస్తుంది, తెగిన తరంగంతో బల్బులోని ఎలక్ట్రానిక్సు కొట్టుకుంటుంది. రెండూ విడివిడిగా మంచివే. కలిపి వాడకండని తయారుచేసినవాళ్ళే చిన్న అక్షరాల్లో రాస్తారు.

ఇక మెట్ల దగ్గర, కింద ఒకటీ పైన ఒకటీ ఉండే జంట స్విచ్‌లు. (మన దేశంలో వీటిని టూ-వే అంటాం, ఇక్కడ త్రీ-వే అంటారు. తీగ మాత్రం అదే.) రెండు మామూలు స్విచ్‌ల మధ్య ఉండే ఒప్పందం ఎంత అందమైనదో స్మార్ట్ స్విచ్ పెట్టాకే తెలుస్తుంది. ఏ కంపెనీవాడి స్మార్ట్ స్విచ్చుకైనా రెండో కొసన సాధారణంగా వాడి తోక స్విచ్చే ఉండాలి. పైన ఒక కంపెనీ, కింద ఒక కంపెనీ అంటే కుదరదు. మా ఇంటిలాంటి పాత ఇళ్ళలో ఇంకో చిక్కు, కొన్ని స్విచ్ పెట్టెల్లోకి న్యూట్రల్ తీగే రాదు. అది తేవాలన్న నిబంధన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 2011 ప్రతిలో వచ్చింది. న్యూట్రల్ లేకుండా పనిచేసే స్మార్ట్ స్విచ్‌లు తమ తిండి కోసం బల్బు గుండానే కాస్త కరెంటు లాగుతాయి. అందుకే ఆర్పేసిన ఎల్ఈడీ అర్ధరాత్రి మిణుకు మిణుకుమంటూ ఉంటుంది.

ఇవన్నీ ఇంజనీర్లకి సరదాగానే ఉంటాయి, ఇంట్లో ఉండేది ఇంజనీర్లే అయితే. నేను సోమవారం పొద్దున్న ఫ్లైటెక్కి గురువారం రాత్రి దిగేవాణ్ణి. 2023లో అమ్మా నాన్నా తెనాలి నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. అమ్మకి చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు, గదిలోంచి బయటికొస్తూ స్విచ్ ఆపెయ్యడం. ఊరికే దీపం వెలుగుతుంటే ఆవిడకి నిద్ర పట్టదు. మినియాపొలిస్‌లో హోటల్లో ఉండగా రాత్రి పదకొండింటికి మా ఆవిడ ఫోన్ చేసింది. “ఏవండీ, మెట్ల దీపం వెలగలేదు. మావయ్యగారు మంచినీళ్ళకని చీకట్లోనే దిగారు. ఇంకో మెట్టుందని చూసుకోలేదు. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు కాబట్టి సరిపోయింది.”

జరిగిందేమిటంటే, మెట్ల దగ్గర మనిషి అలికిడిని పసిగట్టే బ్యాటరీ సెన్సరు ఉంది. జిగ్‌బీలో ఇలాంటి బ్యాటరీ పరికరాలు నేరుగా హబ్‌తోనే మాట్లాడాలని లేదు. దగ్గర్లో కరెంటు మీద నడిచే ఏదో ఒక పరికరాన్ని పెద్దదిక్కుగా ఎంచుకుని, దాని ద్వారా కబురు పంపుతాయి. మా సెన్సరుకి పెద్దదిక్కు భోజనాల గది బల్బు. అమ్మ ఆ గది స్విచ్ ఆపేసింది. కబురు బయల్దేరనే లేదు. కింద గదిలో దీపం ఆర్పితే పై మెట్ల మీద చీకటైంది. “దీపం ఆర్పడానికి కూడా నీకు చెప్పి ఆర్పాలిట్రా?” అంది అమ్మ మర్నాడు ఫోన్లో. ఆవిడ అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. స్విచ్ ఉన్నదే ఆర్పడానికి. మనిషి స్విచ్ వాడితే పాడైపోయే దీపాన్ని ఇంట్లో వాడకానికని అమ్మడమే తప్పు. అలాంటి స్విచ్ మీద ‘ముట్టుకోవద్దు’ అని టేపు అంటించిన ఇళ్ళు నేను కనీసం మూడు చూశాను, మూడూ మనవాళ్ళవే.

అందుకే నా సిద్ధాంతం ఇది. దీపానికి సంబంధించిన నిజం గోడలో ఉండాలి. గోడ మీది మీట నొక్కితే, హబ్ ఉన్నా పోయినా, ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా దీపం వెలగాలి. హబ్‌కి ఆ సంగతి తరవాత తెలిస్తే చాలు. హబ్ నకలు మాత్రమే, అసలు ప్రతి స్విచ్ దగ్గర. సర్వర్ అయితే నకలుకి నకలు.

ఈ మాట అనుభవంతోనే కాదు, చరిత్ర చూసి కూడా అంటున్నాను. రివాల్వ్ అనే హబ్‌ని 2014లో నెస్ట్ కంపెనీ కొంది, 2016 మే నెలలో దాని సర్వర్లు ఆపేసింది. మూడొందల డాలర్లు పోసి కొన్నవాళ్ళ చేతిలో ప్లాస్టిక్ డబ్బా మిగిలింది. వింక్ కంపెనీ 2020 మేలో నెలకి ఐదు డాలర్లు కట్టకపోతే మీ హబ్ పనిచెయ్యదని చెప్పింది. 2021 డిసెంబరు 7న అమెజాన్ క్లౌడ్‌కి వర్జీనియాలో జబ్బు చేస్తే, చాలా ఇళ్ళలో అలెక్సా మూగబోయింది. న్యూజెర్సీలో మెట్ల మీద దీపం వెలగడానికి వర్జీనియా దాకా వెళ్ళి రావడమేమిటి చెప్పండి?

అన్నిటికన్నా పాఠం చెప్పింది ఇన్‌స్టియాన్. 2005లో వచ్చిన ఈ పద్ధతి కరెంటు తీగనీ రేడియోనీ రెంటినీ వాడుతుంది. 2022 ఏప్రిల్లో ముందు ఒక్క మాటైనా చెప్పకుండా దాని సర్వర్లు ఆగిపోయాయి. యాప్‌లు చచ్చిపోయాయి, ఫోను నుంచి ఏ పనీ చెయ్యడానికి లేదు. కానీ ఒక స్విచ్‌కీ మరో స్విచ్‌కీ నేరుగా వేసిన లంకెలు మాత్రం ఏమీ ఎరగనట్టు పనిచేస్తూనే ఉన్నాయి, ఎందుకంటే ఆ లంకెల పట్టిక స్విచ్‌ల లోపలే ఉంది. కంపెనీ పోయినా గోడ తన పని తను చేసుకుంది. ఆ జూన్ నెలలో వాడకందార్లే కొందరు కలిసి కంపెనీని కొనుక్కున్నారు.

మరి మాటర్ వచ్చింది కదా అంటారు మీరు. ఆపిల్, గూగుల్, అమెజాన్, జిగ్‌బీ అలయెన్స్ నలుగురూ కలిసి 2019 డిసెంబరులో ప్రకటించి, 2022 అక్టోబరులో మొదటి ప్రతి విడుదల చేశారు. నేను దానికి వ్యతిరేకిని కాను. ఇంట్లోనే, ఐపీ మీద, సర్వర్ ప్రమేయం లేకుండా పరికరాలు మాట్లాడుకోవాలన్నది దాని మూలసూత్రం, అది సరైనదే. ఒకే దీపం ఇద్దరు ముగ్గురు యజమానుల మాట వినడానికి కూడా అందులో ఏర్పాటుంది. కానీ మాటర్ ఇచ్చేది ఉమ్మడి నిఘంటువు. వెలుగు, ఆరు, ఇంత వెలుగు, ఈ రంగు. మీటని రెండుసార్లు టకటకా నొక్కితే ఏం చెయ్యాలి, ఎంత నెమ్మదిగా వెలగాలి లాంటి నుడికారంలో చాలాభాగం ఇప్పటికీ ఎవరి యాప్‌లో వాళ్ళదే. పాత పరికరాలకి బ్రిడ్జి కావాలి. హ్యూ బ్రిడ్జికి 2023లో ఆ అప్‌డేట్ వచ్చింది, ఎక్స్-10కి ఎవరూ తేరు. అదీకాక, ప్రమాణం ఉన్నంత మాత్రాన కంపెనీ తలుపు తెరిచే ఉంచుతుందని హామీ లేదు. 2015 డిసెంబరులో ఫిలిప్స్ ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తన హ్యూ బ్రిడ్జి మీద ఇతర కంపెనీల జిగ్‌బీ బల్బులు పనిచెయ్యకుండా చేసింది. ప్రమాణం అదే, రేడియో అదే, బల్బులు అవే. జనం గొడవ చేస్తే కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది, సంతోషం. గొడవ చెయ్యకపోతే?

నా వాదన మీద ఒక ఆక్షేపణ ఉంది, గట్టిదే. డాలస్‌లో ఉన్న ఒక మిత్రుడు అన్నాడు, “నీ ఇంట్లో హోమ్ అసిస్టెంట్ పెట్టావు సరే, నువ్వు బస్సు కింద పడితే దాన్ని ఎవడు చూస్తాడోయ్? అదే పెద్ద కంపెనీదైతే ఫోన్ చెయ్యడానికి ఒక నంబరైనా ఉంటుంది.” నిజమే. ప్రాజెక్టులో ఒక్కడికే తెలిసిన కోడ్ ఎంత ప్రమాదమో మనకి చెప్పక్కర్లేదు. అందుకే నేను ఆ కంప్యూటరు లేకపోయినా బతికేలా ఇల్లు సర్దాను. పైకప్పు దీపాలన్నిటికీ స్మార్ట్ బల్బులు తీసేసి, మామూలు ఎల్ఈడీలు వేసి, తెలివంతా గోడ స్విచ్‌లోకి మార్చాను. స్మార్ట్ బల్బులు బల్ల దీపాలకి పరిమితం. మెట్ల దగ్గర సెన్సరుని మార్చి జీ-వేవ్‌ది పెట్టి, దాన్ని స్విచ్‌కి నేరుగా ముడివేశాను. జీ-వేవ్‌లో అసోసియేషన్ అంటారు, జిగ్‌బీలో బైండింగ్ అంటారు. ఈ సదుపాయం చాలా పరికరాల్లో ఉంటుంది, యాప్‌లు మాత్రం దాన్ని ఎక్కడో అడుగున దాస్తాయి, హబ్ అమ్మేవాడికి అది గిట్టుబాటు కాదు కదా. ఆ కంప్యూటరు తీగ పీకేసి ఒక శనివారమంతా ఇల్లు నడిపి చూశాం. సాయంత్రం ఆరింటికి గుమ్మం దీపం తనంతట తను వెలగలేదు, మా ఆవిడ వెళ్ళి వేసింది. అంతకు మించి ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

(బ్రేకరు ఆపకుండా స్విచ్ పెట్టె విప్పకండి. పాత ఇళ్ళలో ఒక పెట్టెలోకి రెండు బ్రేకర్ల తీగలు రావడం మామూలే, టెస్టరుతో చూసుకోండి. అనుమానముంటే ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చే డబ్బు దండగ కాదు.)

ఇండియాలో అమ్మానాన్నల ఫ్లాట్‌లో కూడా పెట్టిద్దామని మనవాళ్ళు చాలామంది అడుగుతున్నారు. ఇక్కడ కొన్న జీ-వేవ్ స్విచ్‌లు సూట్‌కేసులో పట్టుకెళ్ళకండి. ఇక్కడివి 908.42 మెగాహెర్ట్జ్, అక్కడ అనుమతి ఉన్నది 865.2. పైగా 120 వోల్టులకి మాత్రమే చేసిన స్విచ్‌ని 230 మీద పెడితే పొగ వస్తుంది. ఒక్క విషయంలో మాత్రం అక్కడి ఇళ్ళే నయం. స్విచ్ బోర్డులోనే ప్లగ్ పాయింటు కూడా ఉంటుంది కాబట్టి న్యూట్రల్ తీగ అక్కడిదాకా వచ్చే ఉంటుంది. బోర్డు వెనకాల పట్టే చిన్న రిలే మాడ్యూల్ పెట్టిస్తే పాత మీటలే ఉంటాయి, అమ్మావాళ్ళు కొత్తగా నేర్చుకోవలసిందేమీ ఉండదు. మెట్ల దీపం ఇన్వర్టర్ లైను మీద ఉందో లేదో ముందు కనుక్కోండి. సెన్సరు సంగతి తరవాత చూడొచ్చు.

మా ఇంట్లో ఇంకా తేలనిది యాభై శాతం లెక్క. హాలు డిమ్మరూ, వంటింటి డిమ్మరూ ఒకే వెలుగు ఇవ్వాలంటే దీనికి యాభై అయితే దానికి ఎంత అని ఫోన్లో లైట్ మీటరు యాప్ పెట్టి కొలిచి, పది పది చొప్పున ఒక పట్టిక రాస్తున్నాను. ముప్ఫై దాకా వచ్చింది. అంతకన్నా కిందికి దిగితే వంటింట్లో బల్బు ఆరిపోతోంది, దానికి వేరే రకం బల్బు వెతకాలి.